తనతో తానే ఆడిన జట్టు గెలిచినట్టా, ఓడినట్టా?

ఆగస్టు రెండో శనివారం వచ్చిందంటే అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, చేతులతో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) ఊళ్లన్నిటిలోనూ ఒకటే తంతు. స్టేడియం గేట్లు మూసేస్తారు. లోపల జట్టు రెండుగా చీలి, రిఫరీలను పెట్టుకుని, రెండు గంటల పాటు తనతో తానే ఆడుతుంది. దాన్నే స్క్రిమ్మేజ్ అంటారు. సాయంత్రానికి బయటికి పొక్కేవి నాలుగు ముక్కలు. బంతి విసిరి ఆట నడిపే కొత్త క్వార్టర్‌బ్యాక్ మూడు టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని ఎదుటి గీత దాటించే స్కోర్లు) వేశాడట. డిఫెన్స్ లైన్‌ను ఆపడం ఎవరి వల్లా కాలేదట. కోచ్ మొహం మాడ్చుకున్నాడట. ఈ ‘అట’ల మీద వారమంతా వాదన నడుస్తుంది. ఒకాయన జాతీయ చాంపియన్‌షిప్‌కు టికెట్లు వెతుకుతుంటాడు, ఇంకొకాయన కోచ్‌ను సాగనంపాలంటాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

అలాగని స్క్రిమ్మేజ్ ఏమీ చెప్పదనుకుంటే అదీ పొరపాటే. చాలా చెబుతుంది. కాకపోతే అభిమానులు చెవి పెట్టేది ఒకచోట, అది మాట్లాడేది ఇంకోచోట.

ముందు లెక్క సంగతి. క్వార్టర్‌బ్యాక్ వేసిన బంతిని, పాస్ పట్టేవాళ్లను (రిసీవర్లను) కాచుకునే కార్నర్‌బ్యాక్ మధ్యలో అందుకుంటే డిఫెన్స్ మెరిసినట్టా, క్వార్టర్‌బ్యాక్ తప్పటడుగు వేసినట్టా? ఇద్దరూ మనవాళ్లే. బంతితో దాడి చేసే అఫెన్స్ సంపాదించిన ప్రతి గజమూ మన డిఫెన్స్ పోగొట్టుకున్నదే. కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకుని లాభం వచ్చిందనుకోవడం లాంటిదిది. అఫెన్స్ లైన్ బలహీనమైతే డిఫెన్స్ లైన్ రాక్షసుల్లా కనిపిస్తుంది. సెప్టెంబర్‌లో అదే డిఫెన్స్ వేరే లైన్‌కు ఎదురుపడ్డాక గానీ ఇంట్లో పులా, వీధిలో పిల్లా అన్నది తేలదు. కాబట్టి స్కోరు, గజాలు, సాక్‌ల (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పట్టేయడం) సంఖ్య బయటికి వచ్చినా వాటితో జట్టు స్థాయిని కొలవలేం.

పైగా అది అసలు ఆట కాదు. క్వార్టర్‌బ్యాక్ ఒంటి మీద వేరే రంగు జెర్సీ ఉంటుంది, ఎక్కువ జట్లలో ఎరుపు. అతన్ని కొట్టకూడదు. డిఫెండర్ చేయి తగిలినా, తగిలేంత దగ్గరికి వచ్చినా విజిల్ ఊదేస్తారు. దీంతో లెక్క రెండు వైపులా చెడుతుంది. నిజం మ్యాచ్‌లో తప్పించుకుని పాస్ వేయగలిగిన బంతి ఇక్కడ సాక్ కింద రాసేస్తారు. దెబ్బ తగులుతుందన్న భయం లేక నిదానంగా నిలబడి వేసిన పాస్ ఇక్కడ అద్భుతంగా కనిపిస్తుంది. మరీ నష్టపోయేది కాళ్లతో ఆడే క్వార్టర్‌బ్యాక్. 2012లో టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు జానీ మాంజెల్‌ను స్టార్టర్‌గా ప్రకటించింది ఆగస్టు మధ్యలో. ఆ సీజన్‌లో అతను పరుగుతోనే 1,410 గజాలు సాధించి, ఫ్రెష్‌మన్‌గానే, ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. పట్టుకోబోయినవాళ్ల చేతుల్లోంచి జారిపోవడమే అతని విద్య. ముట్టుకోగానే విజిల్ ఊదే ఆటలో ఆ విద్య ఎక్కడ బయటపడుతుంది?

బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల గజాలనూ అలాగే చూడాలి. చాలా ప్రాక్టీసుల్లో ‘థడ్’ పద్ధతి నడుస్తుంది. అంటే ఢీకొడతారు గానీ కింద పడేయరు. ఢీ తర్వాత అతను ఇంకో నాలుగు గజాలు లాక్కెళ్లేవాడా, అక్కడే కూలేవాడా అన్నది తెలియదు. నిజంగా పడేసే స్క్రిమ్మేజ్‌లో మొదటి రన్నింగ్ బ్యాక్‌కు నాలుగైదు బంతులిచ్చి పక్కన కూర్చోబెడతారు, గాయం భయంతో. మూడోవాడు చెలరేగాడన్న కబురులో సగం అర్థం, మొదటి ఇద్దరూ కూర్చున్నారనే.

ఇలా చేతులు కట్టుకుని ఆడటానికి నిబంధనలూ కారణమే. 2015 నుంచి 2019 దాకా 6 కాలేజీ జట్లలో 658 మంది ఆటగాళ్లను గమనించిన అధ్యయనంలో తలకు దెబ్బ తగిలి మెదడు అదిరే కంకషన్లలో 72 శాతం ప్రాక్టీసులోనే జరిగాయని తేలింది. దాదాపు సగం సీజన్‌కు ముందు క్యాంప్‌లోనే (ప్రీసీజన్‌లో). అది బయటికి వచ్చిన 2021లోనే కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కత్తెర పట్టుకుంది. ప్రీసీజన్‌లో పూర్తిస్థాయి కాంటాక్ట్ ప్రాక్టీసులను 21 నుంచి 9కి తగ్గించింది. ఒక ప్రాక్టీసులో అలాంటి కాంటాక్ట్ 75 నిమిషాలు దాటకూడదు, వరసగా రెండు రోజులకు మించకూడదు. పూర్తి స్క్రిమ్మేజ్‌లు రెండే. ఉన్న రెండు అవకాశాలనూ కోచ్‌లు మ్యాచ్‌లా వదిలేయరు, పరీక్ష పేపర్‌లా రాసుకుంటారు. పది నిమిషాలు థర్డ్ డౌన్ (పది గజాలకు దక్కే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఆరు గజాలు కావాలి. తర్వాత సొంత గోల్ గీతకు రెండు గజాల దూరం నుంచి మొదలు. తర్వాత ఆటలో రెండు నిమిషాలే మిగిలినట్టు. డ్రైవ్ (అఫెన్స్ వరస దాడి) మధ్యలో ఆపి బంతిని ఇంకోచోట పెడతారు. అలాంటప్పుడు ‘అఫెన్స్ ఇన్ని టచ్‌డౌన్లు చేసింది’ అన్న మాటకు విలువేముంది? సగం సార్లు బంతిని గోల్ ముందు పెట్టిందే కోచ్.

మొదటి స్క్రిమ్మేజ్ అయ్యాక దాదాపు ప్రతి కోచ్ నోటా వినిపించే మాట: ‘ఈ రోజు డిఫెన్స్‌దే పైచేయి’. అఫెన్స్ అభిమానులు గుండెలు బాదుకుంటారు. అక్కర్లేదు. అఫెన్స్‌లో పదకొండు మందీ ఒకే క్షణంలో ఒకే పని చేస్తేనే ఆట నడుస్తుంది. లైన్‌లోని ఒక్క గార్డ్ పక్కవాడికి వదలాల్సిన మనిషిని వదలకపోతే అంతా కుప్పకూలుతుంది. డిఫెన్స్‌లో ఒకడి తప్పును ఇంకొకడు వేగంతో సర్దగలడు. అందుకే క్యాంప్ మొదట్లో డిఫెన్స్ ముందుంటుంది. అడగాల్సింది రెండో స్క్రిమ్మేజ్‌కు ఆ దూరం తగ్గిందా అని. తగ్గకపోతే, అందులోనూ అవే తప్పులు మళ్లీ జరిగితే, అప్పుడు కంగారు పడొచ్చు.

ఇక స్క్రిమ్మేజ్ నిజం చెప్పే చోటుకు వద్దాం. ఎదుటివాడు ఎవరైనా మారని పనులు కొన్నుంటాయి. అక్కడ అబద్ధానికి తావు లేదు. లైన్ మధ్యలో నిలబడే సెంటర్ ఆట మొదలుపెడుతూ వెనక్కి విసిరే స్నాప్ చూడండి. అతనికి కొన్ని గజాల వెనక (షాట్‌గన్‌లో) నిలుచున్న క్వార్టర్‌బ్యాక్ ఛాతీ దగ్గరికి రావాల్సిన బంతి మోకాళ్ల దగ్గరికి వస్తే, కళ్లు డిఫెన్స్ మీంచి బంతి మీదికి దిగుతాయి. ఆ అర సెకనులో డిఫెన్స్‌లో అందరికంటే వెనకుండే సేఫ్టీ ఎటు కదిలాడో చూడటం తప్పిపోతుంది. ఇది ఏ డిఫెన్స్ ఎదురుగా ఉన్నా జరిగే తప్పే. స్నాప్‌కు ముందే కదిలి ఇచ్చుకున్న 5 గజాల పెనాల్టీలు, వరస తప్పి నిలబడటం, పది మందే మైదానంలో ఉండటం కూడా ఇలాంటివే. స్క్రిమ్మేజ్ కబుర్లలో ‘ప్రీ-స్నాప్ పెనాల్టీలు’ అన్న మాట వినిపిస్తే చెవులు రిక్కించాలి. మూడు టచ్‌డౌన్ల కబురు కంటే అది పదింతలు విలువైంది.

2024 నుంచి పై స్థాయి కాలేజీ జట్లలో ఒక్కో వైపు ఒక ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాట వినపడే రేడియో పెట్టుకోవచ్చు. స్నాప్‌కు గడువు లెక్కపెట్టే ప్లే క్లాక్ మీద 15 సెకన్లు మిగలగానే అది ఆగిపోతుంది. 40 సెకన్ల క్లాక్‌లో మిగిలే పాతిక సెకన్లలోనే ఆటగాళ్లను మార్చడం, ప్లే చెప్పడం, అది పది మందికీ చేరడం. ఇక్కడ ఎక్కువగా చేసే తప్పు, వాగుడుకాయ కోచ్ చేసేది. ప్లే పేరు చెప్పి ఊరుకోక, డిఫెన్స్ ఎలా నిలుచుంటుందో, ఏ రిసీవర్‌ను చూడాలో కూడా చెవిలో నూరిపోస్తాడు. ప్లే వినడానికి గుమికూడిన ఆటగాళ్లు (హడల్) విడిపోయేసరికి క్లాక్ మీద 10 సెకన్లు. స్నాప్‌కు ముందు ఒకణ్ని పక్కకు కదిలించడానికి (మోషన్‌కు) టైం లేదు, ప్లే మార్చడానికి టైం లేదు. లక్ష మంది అరుస్తున్న ఊళ్లో ఇది ఇంకా ఘోరమవుతుంది. స్క్రిమ్మేజ్‌లో బంతి ప్రతిసారీ 2, 3 సెకన్లు మిగిలి ఉండగా కదులుతోందని ఎవరైనా చెబితే, ఆ జట్టు తొలి బయటి మ్యాచ్‌కు చిక్కులు రాసిపెట్టి ఉన్నట్టే.

కిక్కర్ల సంగతి ఎవరూ అడగరు గానీ, అక్కడ స్టాప్‌వాచీయే సాక్షి. ఫీల్డ్ గోల్‌కు స్నాప్ నుంచి కాలు తగిలేదాకా 1.3 సెకన్ల చుట్టూ ఉండాలి. పంట్‌కు (బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అప్పగించడానికి) 15 గజాల స్నాప్ ముప్పావు సెకనులో చేరాలి, స్నాప్ నుంచి 2 సెకన్లకు అటూఇటూగా బంతి పంటర్ కాలు వదలాలి. ఎదురుగా ఎవరూ దూసుకు రాకపోయినా ఈ లెక్క మారదు. పంటర్ అడుగు ఎక్కువ వేస్తున్నాడంటే ఆగస్టులో కనబడే జబ్బు అక్టోబర్‌లో బ్లాక్ అయిన పంట్‌గా తిరగబెడుతుంది.

రెండో నిజం, ఎవరు ఎవరితో ఆడారన్నది. మొదటి వరుస మొదటి వరుసతో, రెండోది రెండోదానితో ఆడటం రివాజు. రిసీవర్ ఎన్ని బంతులు పట్టాడని కాకుండా, ఏ కార్నర్ మీద పట్టాడని అడగాలి. అన్నిటికంటే ముఖ్యం అఫెన్స్ లైన్‌లోని అయిదుగురు. వాళ్ల ఆట పక్కపక్కన నిలబడి నెలల తరబడి కలిసి చేస్తేనే కుదురుతుంది. రెండో స్క్రిమ్మేజ్‌కు కూడా లెఫ్ట్ గార్డ్ స్థానంలో ముగ్గురు మారుతున్నారంటే, ‘పోటీ బాగుంది’ అన్న కోచ్ మాటను ‘నమ్మదగినవాడు ఇంకా దొరకలేదు’ అని తర్జుమా చేసుకోవాలి. ఆరో మనిషి ఎవరన్నది కూడా చూడాలి. ఒకరికి మడమ మెలిక పడితే ఒక్కడే మారతాడా, లైన్ కుడి చివర నిలబడే రైట్ ట్యాకిల్ ఎడమకు జరిగి ముగ్గురు స్థానాలు మారతారా? నవంబర్‌లో సీజన్ చెడేది చాలాసార్లు ఇక్కడే.

అసలు కనిపించనివాళ్లు ఎవరన్నది మూడోది. లీగ్ మ్యాచ్‌ల ముందు గాయాల జాబితా ప్రకటించడం, పెద్ద కాలేజీ లీగులైన బిగ్ టెన్ 2023లో, ఎస్‌ఈసీ 2024లో మొదలుపెట్టాయి. ప్రీసీజన్‌కు అలాంటి జాబితా ఏదీ ఉండదు. అందుకే మైదానం పక్కన క్యాప్ పెట్టుకుని నిలుచున్న ట్యాకిల్ గురించిన ఒక్క వాక్యం, వంద పాస్‌ల వివరం కంటే ఎక్కువ చెబుతుంది.

కోచ్ మాటల విషయానికొస్తే, ఆయన మాట్లాడేది మనతో కాదు, తన డ్రెస్సింగ్ రూమ్‌తో. కుర్రాళ్లకు తలకెక్కిందనిపిస్తే తిడతాడు, డీలాపడ్డారనిపిస్తే పొగుడుతాడు. పేరు పెట్టి మూడోవాడిని మెచ్చుకున్నాడంటే రెండోవాడికి చురక వేశాడన్నమాట.

ఇంత చెప్పినా చరిత్ర కొన్నిసార్లు అందరినీ వెక్కిరిస్తుంది. 2018 ఏప్రిల్‌లో ఒహాయో స్టేట్ స్ప్రింగ్ గేమ్‌లో (వసంతంలో జనం ముందు ఆడే స్క్రిమ్మేజ్) క్వార్టర్‌బ్యాక్‌లు డ్వేన్ హాస్కిన్స్, జో బరో ఇద్దరూ పోటీపడ్డారు. హాస్కిన్స్‌దే స్థానమని అర్థమై బరో లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ)కు వెళ్లిపోయాడు. హాస్కిన్స్ ఆ ఏడాది 50 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. బరో 2019లో 60 వేసి హైస్‌మన్, జాతీయ టైటిల్ రెండూ పట్టుకెళ్లాడు. కోచ్‌లు తప్పు చేశారని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఎవరి కళ్లూ మోసపోలేదు, ఒకే చోట ఇద్దరు పట్టకపోయారంతే. జార్జియా 2021లో క్వార్టర్‌బ్యాక్ జేటీ డేనియల్స్‌తో సీజన్ మొదలుపెట్టింది. అతను గాయపడ్డాక వచ్చిన స్టెట్సన్ బెనెట్ వరసగా రెండు టైటిళ్లు గెలిపించాడు. 2024 సీజన్‌కు ముందు ఫ్లోరిడా స్టేట్ ర్యాంకు 10. డబ్లిన్‌లో తొలి మ్యాచ్‌లోనే జార్జియా టెక్ చేతిలో 24-21తో ఓడింది, చివరికి 2 గెలుపులు, 10 ఓటములతో ముగించింది.

టెక్సస్ కథ ఇంకా స్పష్టం. 2024 స్ప్రింగ్ గేమ్‌లో క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ 26 పాస్‌లలో 19 చేర్చి 355 గజాలు, 3 టచ్‌డౌన్లు సాధించాడు. డాలస్, ఆస్టిన్‌ల్లోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు కూడా ఊగిపోయే స్థాయి ఆట అది. 2025లో జట్టు ర్యాంకు 1. ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మీద అతనివి 30లో 17, గజాలు 170, జట్టు ఓటమి 14-7. సీజన్ సాగేకొద్దీ అతను కుదురుకున్నది వేరే మాట. 2024 ఏప్రిల్‌లో చూసింది అబద్ధమేం కాదు. అతని చేతిలో బలం ఉందని చూశారు. ఎదుటివాడు రిసీవర్లను కాచే పద్ధతిని (కవరేజీని) దాచిపెట్టి, స్నాప్ తర్వాత మారిస్తే ఏం చేస్తాడన్నది ఆ రోజు ప్రశ్నాపత్రంలోనే లేదు.

ఇప్పుడు ఆ కిటికీలు కూడా మూసుకుపోతున్నాయి. 2025లో టెక్సస్, నెబ్రాస్కా స్ప్రింగ్ గేమ్‌నే రద్దు చేసుకున్నాయి. బాగా ఆడినవాడిని ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) దారిలో వేరే కాలేజీ ఎగరేసుకుపోతుందన్నది నెబ్రాస్కా కోచ్ మాట్ రూల్ భయం. 2026 నుంచి వసంతకాలపు పోర్టల్ గడువు తీసేసి జనవరిలో ఒక్కటే ఉంచారు కాబట్టి ఆ సాకు బలం తగ్గింది. గేట్లు మళ్లీ తెరుస్తారన్న నమ్మకం మాత్రం నాకు లేదు. దాచిపెట్టడం అలవాటైన కోచ్‌కు కొత్త సాకు దొరక్కపోదు. మూసిన గేటు బయట నిలబడి వచ్చే ఆగస్టులో ఎవరినైనా అడగగలిగితే, టచ్‌డౌన్లు ఎన్ని అని కాకుండా, లెఫ్ట్ ట్యాకిల్‌గా ఎవరు ఆడారు, స్నాప్ అయ్యేటప్పటికి క్లాక్ మీద ఎంత మిగిలింది అని అడగండి.