తుపాకీ పట్టినవాడు చెప్తే నిజమేనట

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మా బావగారు ఒక వీడియో పెట్టారు. రిటైరైన సైనికాధికారి ఒకాయన, వెనక మ్యాపు, చేతిలో కర్ర, 48 గంటల్లో యుద్ధం అయిపోతుందని తేల్చేస్తున్నాడు. "ఇది మూడు వారాల కిందటి వీడియో బావగారూ, యుద్ధం ఇంకా జరుగుతూనే ఉంది" అన్నాను. అంతే. "నువ్వెప్పుడైనా తుపాకీ పట్టావా? ఆయన ముప్పై ఏళ్లు పట్టాడు. విలేకరుల కంటే ఆయన మాటే నమ్ముతా" అని జవాబు. బావగారు ముప్పై ఏళ్లుగా పట్టింది టీవీ రిమోటు, అది వేరే సంగతి.

సరే, సైన్యంలో చేసినవాడికి ఏది ఫిరంగి మోతో ఏది రాకెట్ మోతో తెలుస్తుంది. యాంకర్లకి ఆకుపచ్చ రంగేసిన ప్రతి బండీ ట్యాంకే. కానీ తెలియడం వేరు, తెలిసింది చెప్పడం వేరు కదండీ! ఇరాక్ యుద్ధమప్పుడు అమెరికా టీవీల్లో కూర్చున్న రిటైర్డ్ జనరళ్ల బండారం 2008లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. పెంటగాన్, అంటే అమెరికా రక్షణ శాఖ, ఆ జనరళ్లని పిలిచి మరీ తన వాదన నూరిపోసి పంపేది, పైగా అందులో చాలామందికి రక్షణ కాంట్రాక్టుల కంపెనీలతో సంబంధాలు. నిజమే, ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని రాసేసి 2004లో లెంపలేసుకున్నదీ ఆ పేపరే. "చూశావా మీ జర్నలిస్టులు!" అని బావగారు ఎగురుతారు, ఎగరనీ.

మై లై అనే ఊరి సంగతి తీసుకోండి. 1968 మార్చిలో వియత్నాంలో ఆడవాళ్లనీ పసిపిల్లల్నీ ముసలివాళ్లనీ వందల్లో చంపేసి, 128 మంది శత్రువుల్ని హతమార్చామని అమెరికా సైన్యం ప్రకటించుకుంది. పేపర్లు కిమ్మనకుండా అచ్చేశాయి. దాన్ని కదిపింది రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడే, కాదనను. తోటివాళ్ల నోట విని, ఉండబట్టలేక 1969లో పెద్దలందరికీ ఉత్తరాలు రాశాడు. ఆ హత్యల్లో నిందితుడైన కాలీ అనే లెఫ్టినెంట్‌ని వెతికి పట్టుకుని, నవంబరులో లోకానికి చెప్పింది సీమోర్ హెర్ష్ అనే విలేకరి. ఆ సైనికుణ్ణి నమ్మామంటే తన సైన్యం మీదే రాశాడు కాబట్టి. ఈ మ్యాపాయన జన్మలో ఒక్కసారైనా "మావాళ్లు తప్పు చేశారు" అన్నాడా?

అసలు నా మంట ఇది కూడా కాదు. మా నాన్న సైన్యంలో పద్దెనిమిదేళ్లు చేశాడు. యుద్ధం గురించి అడిగితే "నా బంకర్లోంచి ఏం కనపడుతుందిరా, పక్క కొండ మీద ఏం జరిగిందో నేనూ రేడియోలోనే విన్నా" అనేవాడు. ఆయన నోరు విప్పేదే ఎప్పుడో ఒకసారి, విప్పినప్పుడల్లా ఈ బావగారు ఫోను చెవిలో పెట్టుకుని బయటికెళ్లిపోయేవారు. ఒక్కసారంటే ఒక్కసారి కూర్చుని వినలేదు. ఇవాళ ముక్కూమొహం తెలియని మనిషి కోసం నాకు, నాకు!, "మాజీ సైనికుల్ని గౌరవించడం నేర్చుకో" అని నీతులు. నాన్న పతకాలున్న రేకు డబ్బా ఏ గదిలో ఉందో కూడా ఈయనకి తెలీదు.