పగడం ఎక్కడిదో అడిగి కొనాలి

రొయ్య పిల్ల ఏ హేచరీదో, అంటే ఏ పిల్లల ఉత్పత్తి కేంద్రానిదో, తెలుసుకోకుండా నెల్లూరు జిల్లా రొయ్య రైతు చెరువులో వదలడు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి చెరువులకు చెరువులను ఊడ్చేశాక వచ్చిన జాగ్రత్త అది. అప్పట్లో పెంచిన టైగర్ రకానికి తల్లి రొయ్యలను సముద్రంలో పట్టి తెచ్చేవారు. 2009లో అనుమతి వచ్చిన వనామి రకం రొయ్యకు వ్యాధి లేని తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచాకే హేచరీలకు ఇస్తున్నారు. ఇదే జిల్లాలో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవారు మాత్రం అందులో పెంచే ప్రాణమున్న పగడం రంగు చూసి, ధర అడిగి కొనేస్తున్నారు.

ఎక్కడిదైతేనేం, ట్యాంకులోకి వచ్చాక అన్నిటికీ అదే నీరు, అదే లైటు కదా అని కొందరి వాదన. నేను ఒప్పుకోను. పగడం ఒంట్లో సూక్ష్మమైన నాచు బతుకుతుంది. వెలుతురులో అది తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. లోతు నీటి మసక వెలుగుకు అలవాటుపడినదాన్ని తెచ్చి ఒక్కసారిగా బలమైన ఎల్‌ఈడీ కింద పెడితే ఆ నాచును పోగొట్టుకుని పాలిపోతుంది. వేడి సంగతీ అంతే. పర్షియన్ గల్ఫ్ పగడాలు వేసవిలో 34, 35 డిగ్రీల నీటిని ఓర్చుకుంటాయి. చాలా చోట్ల 31 డిగ్రీలు కొన్ని వారాలు కొనసాగితే చాలు, దిబ్బలు తెల్లబడతాయి. మే నెలలో కరెంటు పోయి ట్యాంకు నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం ఆగిందంటే నెల్లూరులో ఆ తేడా కళ్లముందే కనబడుతుంది.

కొనే ముందు ముక్క అడుగు తిప్పి చూడండి. పెంపకంలో పెరిగినదైతే చిన్న సిమెంటు బిళ్ల మీద జిగురుతో నిలబెట్టి ఉంటుంది, దాని చర్మం బిళ్ల అంచుల మీదికి పాకి ఉంటుంది. సముద్రంలో విరిచి తెచ్చినదానికి అడుగున విరిగిన తెల్లని సున్నం, పురుగులు తొలిచిన రంధ్రాలు, అంటుకున్న స్పాంజి కనిపిస్తాయి. పగడాన్నే తినే చదును పురుగులు ట్యాంకులోకి వచ్చేది ఎక్కువగా ఇలాంటి ముక్కలతోనే.

పెన్నా మోసుకొచ్చే మట్టి వల్ల మన తీరంలో పగడపు దిబ్బలు పెరగవు. కాబట్టి ఇక్కడికి వచ్చిన ప్రతి పగడమో, దాని తల్లో ఏదో ఒక సముద్రాన్ని వదిలి వచ్చిందే. (ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం వేరే జాతి, దానికి పేరుపడినది మధ్యధరా సముద్రం.) మనకు దగ్గరలో దిబ్బలున్నది తమిళనాడుకూ శ్రీలంకకూ మధ్యనున్న మన్నార్ సింధుశాఖలో. అక్కడి 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. సున్నం కోసం ఏళ్ల తరబడి పగడాలు తవ్వుకుపోవడమే దానికి ముఖ్య కారణం. దేశంలో సున్నపు గట్టి గూడు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. దేశాల మధ్య అమ్మకానికి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రం కావాలి. ప్రకృతి నుంచి తీసినదైతే అందులో డబ్ల్యూ అనీ, పెంపకంలో పుట్టినదైతే సి లేదా ఎఫ్ అనీ రాస్తారు. ఆ పత్రం చూపలేని దుకాణంలో రాతి పగడం ఎంత అందంగా ఉన్నా కొనకూడదు.

నా ట్యాంకులో ఉన్నది ఒక్క మెత్తని పగడమే. కావలిలోని మిత్రుడు తన ట్యాంకులోని తల్లి పగడం నుంచి కత్తెరతో కోసి ఇచ్చాడు. రాయి మీద దారంతో కట్టి ఉంచితే రెండు వారాల్లో అంటుకుంది. కోసిన చోట తల్లికి కొత్త అంచు పెరిగిందని మొన్న ఫోటో పంపాడు.