ఆ ముఠాలతో పోరాడినవాళ్ల మీదేనా ఈ నింద?

మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఒకరు పెడితే ఇంకొకరు దండం బొమ్మ తగిలించి వేరే గ్రూపులకు పంపుతున్నారు. అందులో ఉన్నవి మూడు ఆరోపణలు. వందేళ్ల కిందటి యూదు మహిళా సంఘాలు డబ్బున్న ఆడవాళ్ల కాలక్షేపమట. సాయం చేసిందల్లా సొంత మతం వాళ్లకేనట. వలస వచ్చిన ఆడపిల్లల్ని అమ్మే ముఠాలకు ఆ సంఘాలే ముసుగట.

కాలక్షేపం సంగతి త్వరగా తేల్చేద్దాం. అమెరికాలోని మిల్వాకీలో లిజ్జీ బ్లాక్ కాండర్ అనే యూదు మహిళ ఒక సేవాకేంద్రంలో వలస కుటుంబాల ఆడపిల్లలకు వంట నేర్పించేది. ఆ పాఠాలు అచ్చు వేయడానికి 18 డాలర్లు అడిగితే ఆ కేంద్రం నడిపే మగవాళ్ల బోర్డు ఇవ్వనంది. ఆడవాళ్లే ప్రకటనలు పోగుచేసి 1901లో పుస్తకం వేశారు. దాని రాబడి ఏళ్ల తరబడి ఆ సేవాకేంద్రానికే వెళ్లింది.

సొంతవాళ్లకేనా? 1893లో యూదు నర్సు లిలియన్ వాల్డ్ న్యూయార్క్ పేటల్లోకి పంపడం మొదలుపెట్టిన నర్సులు మతం అడిగి మెట్లెక్కలేదు. 1902లో అక్కడి నర్సు లీనా రోజర్స్ ప్రభుత్వ బడులకు వెళ్లి, చర్మరోగాలతో, కళ్ల జబ్బులతో ఇంటికి పంపేసిన పిల్లల్ని మళ్లీ తరగతుల్లో కూర్చోబెట్టింది. అది చూసి నగరమే బడి నర్సుల్ని పెట్టుకుంది.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ముందుగా వచ్చి స్థిరపడిన జర్మన్ యూదు కుటుంబాల ఆడవాళ్లు, రష్యా, పోలండ్ నుంచి వచ్చిన పేదల్ని చిన్నచూపు చూశారు. వాళ్ల యిడ్డిష్ భాషనీ కట్టూబొట్టునీ దిద్దాలనుకున్నారు. మెసేజ్ రాసినవాళ్లు ఇది పట్టుకుని ఉంటే కాదనేదాన్ని కాదు. పట్టుకున్నది మూడోదాన్ని, అన్నిట్లోకీ నీచమైనదాన్ని.

ఆ ముఠాల్లో యూదులూ ఉన్నారు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో జ్వి మిగ్దల్ అనే ముఠా వేశ్యాగృహాలే నడిపింది. కట్నం ఇచ్చుకోలేని ఇంటికి, కట్నం అక్కర్లేదంటూ విదేశీ వరుడు వస్తాడు. మతాచారం ప్రకారం తంతు జరుగుతుంది, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండదు. పిల్లని ఓడెక్కిస్తారు. ఈ నిజాన్ని బయటపెట్టిందెవరు? జర్మనీలో ఉండే యూదు మహిళ బెర్తా పాపెన్‌హైమ్ 1903లో గలీసియా (ఇప్పటి పోలండ్, ఉక్రెయిన్‌ల ప్రాంతం) ఊళ్లు తిరిగి, పేదరికం, చదువులేనితనం, వదిలేసి పోయిన భర్త విడాకులివ్వకపోతే ఆడదాన్ని కట్టిపడేసే మతచట్టం ఎలా ఈ వ్యాపారానికి మేతవుతున్నాయో చూసింది. 1904లో జర్మనీలో యూదు మహిళా సమాఖ్య స్థాపించింది. ఇవి బయటికి చెబితే శత్రువుల చేతికి ఆయుధం ఇచ్చినట్టేనని పెద్దలు కోప్పడ్డారు. ఆమె నోరు మూసుకోలేదు. 1907లో నోయ్-ఇజెన్‌బుర్గ్‌లో పెళ్లికాని తల్లులకీ వాళ్ల బిడ్డలకీ ఇల్లు తెరిచింది. లండన్‌లో 1885 నుంచే కాన్‌స్టన్స్ బాటర్సీ మొదలుపెట్టిన సంఘం, ఒంటరిగా వచ్చే అమ్మాయిల కోసం రేవుల్లో ఓడలకు ఎదురెళ్లేది. అమెరికాలో హన్నా సాలమన్ 1893లో స్థాపించిన యూదు మహిళా మండలి వలసవాళ్లు దిగే న్యూయార్క్ ఎల్లిస్ ద్వీపంలో యిడ్డిష్ తెలిసిన మనిషిని పెట్టి, ఒంటరిగా దిగిన అమ్మాయి వెళ్లే చిరునామా రాసుకునేది. తర్వాత ఆ ఇంటికి మనిషిని పంపి చూసిరమ్మనేది.

అమ్మాయిల్ని అమ్ముకునేవాళ్లు చేసే పనా ఇది? మీరు చదివే పంపుతున్నారా? జ్వి మిగ్దల్ మీద 1929లో పోలీసులకు ఫిర్యాదు చేసిన రకేల్ లిబెర్మన్ కూడా వాళ్ల చేతుల్లో నలిగిన యూదు స్త్రీయే!

యూదులంటే ఆడపిల్లల్ని అమ్మేవాళ్లన్న ప్రచారాన్ని నాజీలు బాగా వాడుకున్నారు. 1938 నవంబరులో వాళ్ల మూకలు నోయ్-ఇజెన్‌బుర్గ్ ఇంటికే నిప్పు పెట్టాయి. 1942లో దాన్ని మూసేసి, మిగిలినవాళ్లను శిబిరాలకు తరలించారు. మొదటి రెండు ఆరోపణలూ కావాలంటే ఉంచుకోండి, వాదించుకుందాం. మూడోది మాత్రం ఇవాళే తీసేయండి, మీరు పంపిన ప్రతి గ్రూపులోంచీ.