డ్రెడ్జరు గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ డ్రెడ్జరు గారికి,

విశాఖపట్నం చినవాల్తేరు నుంచి మీ శ్రేయోభిలాషి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బీచ్ ఒక్కటే కాస్త చిక్కింది. హార్బరు ముఖద్వారం దగ్గర మీరు వేళకి ఇసుక తాగుతూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

సముద్రం అడుగున ఇసుక తవ్వి ఇంకోచోట పోసే ఓడ మీరు, మిమ్మల్ని చూస్తే నాకెప్పుడూ ముచ్చటే. మిగతా ఓడలు బొగ్గో, ఇనుప ఖనిజమో, ఎరువులో మోసుకుని దేశదేశాలు తిరుగుతాయి. మీరు మా ఊళ్లో చేసే ప్రయాణం బీచ్ రోడ్డు మీద నిలబడితే మొదలూ చివరా రెండూ కనిపిస్తుంది. హార్బరుకి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు ఇసుక ఎత్తుకోవడం, ఉత్తరాన కోస్టల్ బ్యాటరీ ఒడ్డు వైపు తెచ్చి పోయడం. మళ్లీ ఏడాదికి అదే ఇసుక, అదే సముద్రం, అదే బిల్లు. తెలియనివాళ్లు ఇదేం పనండీ అని నవ్వుతారు. వాళ్లకి మీ వంశచరిత్ర తెలీదు. నేను చెప్తాను, మధ్యలో హారన్ కొట్టకండి.

మా తీరంలో ఇసుక ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని తాకుతాయి. తాకినప్పుడల్లా కాస్త ఇసుకని ఉత్తరానికి జరుపుతాయి. చలికాలంలో కొంత వెనక్కి నడుస్తుంది గానీ, ఏడాది లెక్క తీస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. లక్షల ఘనపు మీటర్లు. యారాడ నుంచి ఆర్కే బీచ్‌కి, అక్కణ్ణుంచి పెదజాలారిపేట, రుషికొండ, భీమిలి దాకా. డీజిల్ లేదు, డ్రైవరు లేడు, టోల్‌గేటు లేదు. ఇంత పెద్ద రవాణా ఇన్ని వేల ఏళ్లు పైసా ఖర్చు లేకుండా జరిగిపోయిందంటే మాకే సిగ్గేసింది. ఏదో ఒకటి చెయ్యాలి కదా!

చేశాం. 1933లో ఇన్నర్ హార్బరు తెరిచాం. ఓడలొచ్చే దారిలో ఇసుక మేట వెయ్యకుండా రెండు పాత ఓడల్ని తెచ్చి, కావాలనే ముంచి, అడ్డుగోడగా పడుకోబెట్టాం. ఓడలు రావడం కోసం ఓడల్ని ముంచిన ఊరు మాది, ఆ మాత్రం గర్వం ఉండదా? తర్వాత 1970ల్లో ఔటర్ హార్బరు కట్టుకున్నాం. సముద్రంలోకి పెద్ద పెద్ద రాళ్లతో బ్రేక్‌వాటర్లు, అంటే కెరటాల్ని ఆపే గోడలు వేశాం. పాపం, దక్షిణం నుంచి నడుచుకుంటూ వచ్చిన ఇసుక ఆ గోడ దగ్గర ఆగిపోయింది. అవతల ఆర్కే బీచ్ నుంచి మాత్రం ఇసుక ఎప్పటిలాగే ఉత్తరానికి బయల్దేరి వెళ్లిపోతూనే ఉంది. వచ్చేది లేదు, పోయేది ఆగదు. అప్పుడు పడింది మీ అవసరం. గోడకి ఇవతల పేరుకున్నది తవ్వకపోతే హార్బరు పూడుతుంది, అవతల పొయ్యకపోతే బీచ్ పోతుంది. రెండు ఉద్యోగాలూ మీకే ఇచ్చాం. ఒకే రోగానికి ఇంత పర్మినెంటు వైద్యం ఇంకే ఊళ్లోనూ దొరకదేమో.

హార్బరు వద్దంటున్నానని అపార్థం చేసుకోకండి. ఆ హార్బరు మీదే ఊరు పెరిగింది, మా ఇళ్లలో సగం జీతాలు అక్కణ్ణుంచే వచ్చాయి. నేను మీ గొప్పతనం గురించి మాత్రమే మాట్లాడుతున్నాను.

మీరు ఒడ్డుకి ఇసుక పోసేరోజు మాకు తిరణాలే. గొట్టం మూతి నుంచి నల్లటి నీళ్లు ధార కట్టి ఆకాశంలోకి లేచి, ఒంపు తిరిగి ఒడ్డు మీద పడతాయి. దగ్గరికెళ్తే కుళ్లిన గుడ్డు వాసన. నీరు ఇంకిపోయాక పైన బూడిదరంగు ఇసుక, దాని నిండా పగిలిన గవ్వలు, ఆల్చిప్పలు, మధ్యలో ఎక్కడో ఒక నైలాను వల ముక్క. పిల్లలు గవ్వలు ఏరుకుంటారు. కాలు పెడితే చీలమండ దాకా దిగబడుతుంది. పక్కనే మురీ మిక్చరు వాళ్లు, మొక్కజొన్న పొత్తుల బళ్లు. జనం సెల్ఫీలు. నాలుగు రోజులు పోయేసరికి కెరటాలు అంచుని కోసి మోకాలెత్తు మెట్టు చేస్తాయి, ఆ మెట్టు దిగలేక పెద్దవాళ్లు ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుంటారు. ఇంకొన్నాళ్లకి ఆ ఇసుకా ఉత్తరం బండెక్కేస్తుంది.

ఒకసారి మీ ధార చూస్తూ నిలబడితే, పక్కన వల బాగుచేసుకుంటున్న జాలరి తాత ఒకాయన తలెత్తకుండానే అన్నాడు: "మా తాతల్నాడు ఇసక నడిచెల్లేది బాబూ. ఇప్పుడు ఓడెక్కి ఎల్తంది." ఆయనకి మీ మీద గౌరవం లేదు. ఒడ్డు సన్నబడ్డాక బోట్లు పెట్టుకోవడానికి, అలివి వల లాగడానికి చోటు చాలడం లేదన్నది ఆయన గొడవ. అభివృద్ధి అర్థం కాని మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, మీరు మనసులో పెట్టుకోకండి.

పైగా మీరు ఒంటరి కాదు. ఒడ్డు మీద మీ జ్ఞాతులు బోలెడుమంది ఉన్నారు, టిప్పర్లని. నాగావళి, వంశధార ఇసుక రాత్రిళ్లు హైవే మీదుగా మా ఊరొస్తుంది. నదిలో కొట్టుకుని సముద్రానికి రావాల్సిన సరుకు, టార్పాలిన్ కప్పుకుని మధురవాడ అపార్టుమెంట్లకి పోతోంది. 2024లో మా ప్రభుత్వం ఇసుక ఉచితం చేసింది. లోడింగూ, రవాణా ఖర్చులు మనవే. నది అయితే ఆ రెండూ కూడా ఉచితంగానే చేసేది, కాకపోతే ఇంటి అడ్రసు చెప్తే వినదు.

మా గోస్తనిని చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూరి, తాటిపూడి దగ్గర ఆనకట్టకి చిక్కి, మా కుళాయిల్లోకి వస్తుంది. భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని పుస్తకాల్లో ఉంది. ఎండాకాలం వెళ్లి చూస్తే మాత్రం ఎవరు ఎవరిలో కలుస్తున్నారో పోల్చుకోవడం కష్టం. పెద్ద నది కథా అంతే. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లకీ 1990లకీ మధ్య సగానికంటే తక్కువకి పడిపోయిందని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2004లోనే రాశారు. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతుంటే డెల్టా అంచు కోసుకుపోతోందని కూడా చెప్పారు. మాకు నీళ్లు కావాలి, కరెంటు కావాలి, ఆనకట్టలు కట్టుకున్నాం. ఒండ్రు కూడా నీళ్లలోనే వస్తుందన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇంత జరిగాక కూడా తుఫాను వచ్చినప్పుడల్లా ఒక్కటే మాట: "సముద్రం ముందుకొచ్చింది." దారికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నవాడు, వచ్చేపోయేవాళ్లు కాళ్లు తొక్కుతున్నారని కేసు పెట్టినట్టుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి బీచ్ రోడ్డుని ముక్కలు చేసినప్పుడు ఊరంతా సముద్రాన్ని తిట్టింది. ఆ రోడ్డుకి చోటెక్కడిదని ఎవరూ అడగలేదు. మేం బండరాళ్లు పోశాం, గోడ కట్టాం. గోడ కాళ్ల కింద ఇసుక పోయింది. ఇంకా పెద్ద గోడ అంటున్నాం.

అసలు మా బీచ్‌లో ఏదీ ఉండాల్సిన చోట ఉండదు లెండి. నీళ్లలో ఉండాల్సిన కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి ఇసుకలో ఉంది. 2020లో లంగరు తెగి తెన్నేటి పార్కు రాళ్ల మీదకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడని హోటల్ చేద్దామనుకున్నాం. ఒడ్డున ఉండాల్సిన ఇసుక మీ కడుపులో ఉంది.

శుభవార్త ఏంటంటే మీకు రిటైర్మెంటు లేదు. 1901కీ 2018కీ మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు, అంటే జానెడు పెరిగిందని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి వేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ చెప్పింది. 2006 నుంచి 2018 దాకా చూస్తే ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున, మునుపటికంటే వేగంగా. మంచు కరగడం ఒకటి, వేడెక్కిన నీరు ఉబ్బడం ఇంకొకటి. మట్టం పెరిగే కొద్దీ కెరటం ఇంకాస్త లోపలికి వస్తుంది, ఇంకాస్త ఇసుక పట్టుకుపోతుంది. మీకు ప్రమోషనే. మీ పిల్లలకీ ఇక్కడే పోస్టింగు. మీరు తాగే డీజిల్ కూడా ఆ మట్టం పెరగడానికి తనవంతు సాయం చేస్తుంది గనక, ఇకమీదట మీ పని మీరే పుట్టించుకోగలరు. ఇంతకంటే ఆత్మనిర్భరత ఏముంటుంది?

చిన్న మనవి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి, కంచె వేసి పొదిగిస్తారు. మీరు పోసిన ఇసుకలో కెరటం కోసిన మెట్టు ఎక్కలేక తాబేలు వెనక్కి తిరిగిపోవచ్చు. దానికి మన బిల్లుల సంగతి తెలీదు. కాబట్టి మీ టైంటేబులు ఏదో దానికి ముందుగానే తెలియజేయగలరు. అడ్రసు బంగాళాఖాతం అని రాస్తే చాలు.

ఇట్లు,
మీ పోతని నమ్ముకున్న
ఒక బీచ్ రోడ్డు వాకరు

తా.క.: వానొస్తే మా అపార్టుమెంటు సెల్లారులోకి గెడ్డ (వాగు) నీళ్లు నడుం లోతున వస్తున్నాయి. బిల్డరుని అడిగితే గెడ్డ ముందుకొచ్చిందన్నాడు. మీ గొట్టం ఒక పూట ఇటు తిప్పే వీలుందా? అసోసియేషన్ మీటింగులో చెప్పాను, మెయింటెనెన్సులోంచి డీజిల్ ఖర్చు ఇవ్వడానికి అందరూ ఒప్పుకున్నారు, ఒక్క రెండో ఫ్లోరు వాళ్లు తప్ప. వాళ్లకి కారు లేదు.