రాత్రికి రాత్రే అండమాన్‌కు బెటాలియన్? ఆ ఫార్వర్డ్ లెక్క అలల దగ్గర తప్పింది

రెండు అడుగు భాగాలతో నీళ్లు చిమ్ముకుంటూ దూసుకెళ్లే బూడిద రంగు ఓడ వీడియో ఒకటి గ్రూపుల్లో తిరుగుతోంది. కింద రాత ఏమిటంటే: ఇది గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే అమెరికా కాటమరాన్ యుద్ధనౌక. ట్యాంకులతో సహా బెటాలియన్‌ను ఎక్కించుకుని, పసిఫిక్ దాటి, శత్రు తీరంలో దించేస్తుంది. మన నేవీ మాత్రం సైన్యాన్ని మోసే డొక్కు ఓడ జలాశ్వతో నెట్టుకొస్తోంది. ఇవి నాలుగు కొంటే విశాఖ నుంచి అండమాన్ ఒక్క రాత్రి ప్రయాణం.

ఓడ నిజమే, వీడియో నిజమే. అమెరికా నేవీ దీన్ని ఎక్స్‌పెడిషనరీ ఫాస్ట్ ట్రాన్స్‌పోర్ట్ అంటుంది. పొట్టిగా ఈపీఎఫ్ (మన జీతంలో కోసేది కాదు). అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో ఆస్టల్ సంస్థ కట్టింది. మొదటి ఓడ స్పియర్‌హెడ్ 2012 డిసెంబరులో నేవీ చేతికొచ్చింది. తప్పంతా ఆ రాతలోనే ఉంది.

"గంటకు 80 కిలోమీటర్లు."

ఖాళీ ఓడ, ప్రశాంతమైన సముద్రం దొరికితే దాదాపు అంత వేగం వస్తుంది. సరుకుతో నడవాల్సిన సగటు వేగంగా డిజైన్‌లో పెట్టుకున్నది 35 నాట్లు, అంటే గంటకు 65 కిలోమీటర్లు. అదీ తక్కువేం కాదు. కానీ ఆ వేగం ఎప్పుడు దొరుకుతుందన్నదే ప్రశ్న. దీనికి అమెరికా రక్షణ శాఖలో ఆయుధాలను పరీక్షించే విభాగమే తన నివేదికల్లో జవాబిచ్చింది. అలల ఎత్తు 1.25 మీటర్లు దాటకపోతేనే పూర్తి వేగం. 2.5 మీటర్ల దాకా ఉంటే 15 నాట్లకు తగ్గాలి. 4 మీటర్ల దాకా ఉంటే 5 నాట్లు. అంతకు మించితే ముందుకు పోవడం మానేసి, సముద్రం శాంతించే వరకు ఉన్నచోటే కాచుకోవాలి.

కారణం ఓడ ఆకారంలోనే ఉంది. కాటమరాన్‌కు రెండు సన్నటి అడుగు భాగాలు, వాటిని కలుపుతూ పైన వంతెనలాంటి వెడల్పాటి డెక్. సన్నగా ఉండబట్టే నీళ్లను తేలిగ్గా చీల్చుకుపోతుంది. అలలు పెరిగాయంటే మాత్రం నీళ్లు ఆ డెక్ అడుగున సమ్మెటలా కొడతాయి. బరువు తగ్గించాలని ఒళ్లంతా అల్యూమినియంతో కట్టారు, ముక్కు భాగంలో బలం విషయంలోనూ రాజీపడ్డారు. ఫలితంగా ఈ తరగతిలో ఒకటికి మించి ఓడల ముందు భాగం దెబ్బతింది. తర్వాత అదనపు బలం అతికించాల్సి వచ్చింది, బరువు పెరిగింది. మోసే సరుకులోనో, ఇంధనంలోనో ఆ మేరకు కోత పడింది.

"పసిఫిక్ దాటి."

35 నాట్ల వేగంతో పూర్తి బరువు మోస్తూ పోగల దూరం 1,200 నాటికల్ మైళ్లు (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు). అమెరికా పశ్చిమ తీరంలోని శాన్ డియాగో నుంచి పసిఫిక్ మధ్యలో హవాయి దీవుల్లో ఉన్న హోనలూలూకే 2,200కు పైగా. నెమ్మదిగా నడిపితే దూరం పెరుగుతుంది, అప్పుడు ఇక "ఫాస్ట్" ఎక్కడిది?

"ట్యాంకులతో సహా బెటాలియన్."

ర్యాంప్ మీదుగా అబ్రామ్స్ ట్యాంకు ఎక్కుతుంది, ఆ మాట నిజం. అయితే మొత్తం మోత సుమారు 545 టన్నులు, ఒక్కో అబ్రామ్స్ 60 టన్నుల పైమాటే. సైనికులకు విమానంలో ఉండేలాంటి కుర్చీలు 312, పడుకునే పడకలు 104. మన పదాతి దళ బెటాలియన్‌లో సుమారు 800 మంది ఉంటారు. మిగతావాళ్లను ఎక్కడ కూర్చోబెడతారో రాసినవారే చెప్పాలి.

"శత్రు తీరంలో దించేస్తుంది."

నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపించిన మాట ఇదే. దీన్ని నడిపేది ప్రధానంగా సివిలియన్ సిబ్బంది. ఆయుధాలంటే మెషిన్ గన్లే. నేరుగా ఇసుక తీరం మీదికి ఎక్కలేదు, జెట్టీ కావాలి. సముద్రం మధ్యలో ర్యాంప్ వేసి ఇంకో ఓడకు వాహనాలు దాటించాలంటే నీళ్లు దాదాపు కదలకుండా ఉండాలి. కాల్పులు జరుగుతున్న చోటికి ఇలాంటి ఓడ వెళ్తే ఏమవుతుందో 2016 అక్టోబరులో కనిపించింది. అమెరికా నేవీ కొన్నేళ్లు అద్దెకు వాడి వదిలేసిన స్విఫ్ట్ అనే కాటమరాన్ అప్పటికి యూఏఈ చేతిలో ఉంది. యెమెన్ తీరానికి దగ్గరగా హూతీ తిరుగుబాటుదారుల క్షిపణి తగిలి ముందు భాగం కాలిపోయింది. మునగలేదు, అది ఒప్పుకోవాలి. కానీ లాక్కుపోవాల్సి వచ్చింది.

మరి ఇది దేనికీ పనికిరాదా? బాగా పనికొస్తుంది. నిజానికి ఈ ఓడల పుట్టుక ఫెర్రీ సర్వీసుల్లో. 1999లో తూర్పు తైమూర్‌కు శాంతి దళాలను పంపాల్సి వచ్చినప్పుడు, ఆస్ట్రేలియా నేవీ టాస్మానియాలో ఇన్‌క్యాట్ సంస్థ కట్టిన ఒక ఫెర్రీని అద్దెకు తీసుకుని జెర్విస్ బే అని పేరు పెట్టింది. ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి తూర్పు తైమూర్ రాజధాని దిలీకి సుమారు 430 నాటికల్ మైళ్లు, సగం రోజులోపు ప్రయాణం. వందకు పైగా ట్రిప్పుల్లో సుమారు 20,000 మందిని చేరవేసి, దిలీ ఎక్స్‌ప్రెస్ అనిపించుకుంది. అది చూసే అమెరికన్లకు ఆశ పుట్టింది. 2001లో జపాన్ దీవి ఒకినావాలో ఉన్న తమ మెరైన్ దళాల కోసం వెస్ట్‌పాక్ ఎక్స్‌ప్రెస్ అనే ఆస్టల్ ఫెర్రీని అద్దెకు తీసుకున్నారు, ఆ తర్వాతే సొంతంగా కట్టించుకున్నారు. మన చేతిలో ఉన్న రెండు రేవులు, మధ్యలో ఓ మోస్తరు దూరం, మంచి వాతావరణం. ఈ మూడూ కుదిరితే దీనికి సాటి లేదు.

ఇక జలాశ్వ. 1971లో అమెరికా నేవీలో చేరినప్పుడు దాని పేరు ట్రెంటన్. 2007లో మనం కొన్నాక విశాఖ దాని ఇల్లయింది. చిత్రం ఏమిటంటే, ఈపీఎఫ్‌లలో ఐదోదానికి అమెరికా పెట్టిన పేరు కూడా ట్రెంటనే. పాత ట్రెంటన్ సుమారు 17,000 టన్నులు, 24,000 హార్స్‌పవర్, 21 నాట్లు. కొత్త ట్రెంటన్ 2,400 టన్నులే, ఇంజన్లు మాత్రం దాదాపు 49,000 హార్స్‌పవర్. ఏడో వంతు బరువున్న ఓడకు రెట్టింపు శక్తి! వేగం ఖరీదు అదీ. పైగా పాతది వెయ్యి మంది వరకు మోస్తుంది. వెనక భాగంలోకి నీళ్లు నింపుకుని, రేవు లేని తీరానికి కూడా చిన్న పడవలను పంపుతుంది. 2020 మేలో మాల్దీవుల నుంచి ఒక్క ట్రిప్పులో 698 మందిని తీసుకొచ్చింది ఈ "డొక్కే". పాతబడిందన్న మాట కాదనను.

"విశాఖ నుంచి అండమాన్ ఒక్క రాత్రి."

పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 650 నాటికల్ మైళ్లు. 35 నాట్లతో పోతే 19 గంటల లోపే. రాత్రికి రాత్రి కాకపోయినా, సాయంత్రం బయల్దేరితే మర్నాడు మధ్యాహ్నానికి చేరొచ్చు. జనవరిలో అయితే నేనూ సరే అంటాను. నైరుతి రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో రెండు, రెండున్నర మీటర్ల అలలు మామూలే. అప్పుడు 15 నాట్లు, 43 గంటలు. వాయుగుండం పట్టి అలలు ఇంకా పెరిగితే 5 నాట్లు, ఐదు రోజులు దాటుతుంది. తుపాను సాయానికి ఇవి బాగుంటాయని ఆ రాత కింద కామెంట్లు కూడా ఉన్నాయి. తుపాను వచ్చినప్పుడే కదా సముద్రం అలా ఉండేది!

మన నేవీ ఏళ్లుగా అడుగుతున్నది కూడా ఈ తరహా ఓడలు కాదు. జలాశ్వ లాంటివే, ఇంకా పెద్దవి, నాలుగు కావాలంది. ఆ టెండరు 2020లో రద్దయింది. 2021లో కంపెనీల నుంచి మళ్లీ వివరాలు కోరారు.