విప్పగలిగే మెషీన్ కావాలి

మా పాత వాషింగ్ మెషీన్ చివరి రోజుల్లో స్పిన్‌లోకి వెళ్లిందంటే చాలు, పక్క గదిలో ఫోన్ మాట్లాడేవాళ్లు "ఒక్క నిమిషం ఆగండి" అని లేచి తలుపు వేసుకునేవాళ్లు. మొదట్లో చిన్న గరగర. రెండు నెలలు తిరిగేసరికి లోపల గులకరాళ్లు పోసి తిప్పుతున్నట్టు మోత. మా ఇంట్లో బట్టలు ఉతికే డ్యూటీ నాది. కాబట్టి ఆ చప్పుడు పెరుగుతోందని అందరికంటే ముందు తెలిసిందీ నాకే, రేపు చూద్దాంలే అని వాయిదా వేసిందీ నేనే.

మెకానిక్ వచ్చాడు. సామాన్ల సంచీ కూడా తెరవలేదు. మెషీన్ తలుపు తీసి, డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకీ కిందకీ ఊపాడు. ఊడబోయే పన్నులా కదిలింది. తర్వాత చేత్తో ఒక్క తిప్పు తిప్పి వదిలేసి నన్ను వినమన్నాడు. బేరింగు పోయిందన్నాడు. బేరింగంటే ఎంత? డ్రమ్ము ఇరుసు సాఫీగా తిరగడానికి ఉండే, అరచేతిలో ఇమిడిపోయే ఇనప చక్రం. మార్చెయ్యండి అన్నాను ధీమాగా. ఆయన ఏమీ అనకుండా మెషీన్‌ని ముందుకి జరిపి, వెనక రేకు విప్పి, టార్చి వేసి చూపించాడు. డ్రమ్ము చుట్టూ నీళ్లు నిలిచే ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంటుంది. అది రెండు సగాలు. కొన్ని మెషీన్లలో ఆ రెంటినీ చుట్టూరా స్క్రూలతో బిగిస్తారు. మా దాంట్లో కరిగించి అతికేశారు. ఆ అతుకు వెంట వేలు పోనిచ్చి చూశాను. ఒక్క స్క్రూ లేదు. లోపలి బేరింగు మార్చాలంటే తొట్టీ డ్రమ్మూ కలిపి మొత్తం మార్చాల్సిందే. దాని ఖరీదుకి కూలీ కలిపితే కొత్త మెషీన్ ధరకి అటూ ఇటూగా వచ్చింది.

మోటారు బాగుంది. పంపు బాగుంది. బోర్డు బాగుంది. పైన ఒక్క గీత కూడా పడలేదు. అయినా తుక్కులోకి పంపించేశాం.

అప్పటినుంచి ఎవరు మెషీన్ కొంటున్నామన్నా నేను ఒకటే చెబుతున్నాను. మన సంఘం మీటింగుల్లో కాఫీ కప్పు పట్టుకుని నాకు దొరికిపోయినవాళ్లు ఇప్పటికే విన్నారు, వాళ్లు ఈ పేజీ తిప్పేయొచ్చు. ప్రోగ్రాములు ఎన్ని, రంగేమిటి, యాప్ ఉందా అన్నవి తర్వాత. ముందు అడగాల్సింది: "దీని బేరింగు పోతే బేరింగు మారుస్తారా, తొట్టంతా మారుస్తారా?"

షోరూములో ఈ ప్రశ్న వేస్తే ముందు కాసేపు నిశ్శబ్దం. తర్వాత "ఈ మోడల్లో అలాంటి ప్రాబ్లం రాదండీ" అంటారు. నేను అడిగిన మూడు చోట్లా ఇదే జవాబు. కాబట్టి వాళ్లని నమ్ముకుని లాభం లేదు. మోడల్ నంబరు రాసుకుని ఇంటికి రండి. విడిభాగాలు అమ్మే సైట్లలో ఆ నంబరు కొట్టండి. మెషీన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి గీసిన బొమ్మ దొరుకుతుంది. అందులో బేరింగు, దాని రబ్బరు సీలు, తొట్టి ముందు సగం, వెనక సగం విడివిడిగా అమ్మకానికి ఉంటే మంచి గుర్తు. "తొట్టి, డ్రమ్ముతో సహా" అని ఒకే వస్తువుగా ఉంటే ఆ మెషీన్ సంగతి అర్థమైనట్టే. పది నిమిషాల పని.

చట్టాలు చూసుకుంటాయిలే అంటారా? ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, ఒక మోడల్ చివరి మెషీన్ మార్కెట్లోకి వచ్చాక కూడా కనీసం 10 ఏళ్లపాటు దాని ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. మంచి నిబంధనే. కానీ డ్రమ్ము, బేరింగుల దగ్గరికి వచ్చేసరికి వాటిని విడిగానైనా ఇవ్వొచ్చు, కలిపైనా ఇవ్వొచ్చు అని ఉంది. ఆ "కలిపైనా" అన్న ఒక్క మాటలోంచే మా పాత మెషీన్‌లాంటివి దూరిపోతాయి.

ఇక మోటారుకి పదేళ్ల వారంటీ అని ముందు స్టిక్కర్ అంటిస్తారు. ఈ రోజుల్లో వచ్చే ఇన్వర్టర్ మోటార్లలో, లోపల రాసుకుని అరిగే కార్బన్ బ్రష్‌లు ఉండవు కాబట్టి, అరిగిపోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పోయేవి పంపు, తలుపు లాక్, నీళ్లు వచ్చే వాల్వు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు, ఎలక్ట్రానిక్ బోర్డు, బేరింగు. పళ్లు ఊడుతున్న పెద్దాయనకి చెవులకి గ్యారంటీ రాసిచ్చినట్టు ఉంటుంది ఆ స్టిక్కర్. చిన్న అక్షరాలు చదివితే చాలాసార్లు మోటారు భాగానికే వారంటీ, బిగించే కూలీ మనదే.

సరే, కిలోల సంగతి. కొత్త మెషీన్ అనగానే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఎలాగూ కొంటున్నావు కదా, పన్నెండు కిలోలు తీసేసుకో. దుప్పట్లు కూడా పడతాయి." చాలామంది ఇలాగే కొంటారు. నాకెందుకో మనం అసలు ఎన్ని బట్టలు ఉతుకుతున్నామో చూడాలనిపించింది. బరువు చూసుకునే కాటా మీద మొదట నేను ఒక్కణ్ణే ఎక్కి, తర్వాత బట్టల బుట్టతో ఎక్కి, బుట్ట బరువు తీసేసి లెక్క రాశాను. రెండు వారాలు. మా ఆవిడ మొదటి రోజు నవ్వింది, మూడో రోజు నా బరువు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. తేలిందేమిటంటే, డ్రమ్ము నిండిపోయిందని నేను అనుకున్న లోడు నాలుగున్నర కిలోలు. ఎక్కువలో ఎక్కువ ఆరు. ఒక జీన్స్ ప్యాంటు ఏడు వందల గ్రాములు తూగింది, పెద్ద టవల్ అయిదు వందలు, చొక్కా రెండు వందల పైచిలుకు.

మెషీన్ మీద రాసే కిలోలు పొడి బట్టలవి. అదీ కాటన్ ప్రోగ్రాముకి మాత్రమే. సింథటిక్ బట్టలకి దాదాపు అందులో సగమే వెయ్యమని పుస్తకంలో ఉంటుంది, క్విక్ వాష్‌కి ఇంకా తక్కువ. ఉతికి ఆరబెట్టే కాంబో మెషీన్లలో ఆరబెట్టే కెపాసిటీ ఉతికేదానికంటే బాగా తక్కువ. అంటే నిండుగా ఉతికిన లోడుని రెండు వాయిలుగా ఆరబెట్టాలి. పోనీ పెద్దది కొని సగమే నింపితే? పెద్ద డ్రమ్ములో ఒకే ఒక్క బరువైన టవలో, బాత్ మ్యాటో వేస్తే అది ఒక పక్కకి ముద్దగా చేరుతుంది. మెషీన్ దాన్ని సర్దాలని నాలుగుసార్లు తిప్పి చూసి, చేతకాక తడిబట్ట తడిగానే వదిలేస్తుంది. నిజంగా లావుపాటి రజాయిలు ఇంట్లోనే ఉతికేవాళ్లకి, నలుగురైదుగురు పిల్లలున్న ఇళ్లకి పెద్ద డ్రమ్ము అవసరమే, కాదనను. ఏడాదికి రెండుసార్లు ఉతికే దుప్పటి కోసం మాత్రం ఏడాదంతా ఆ పెద్ద డ్రమ్ముని తిప్పనక్కర్లేదు.

నేను డబ్బు ఎక్కువ పెట్టినా ఫరవాలేదనుకునేది స్పిన్ దగ్గర. బట్టలు పిండే బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించినంత లెక్కన పెరుగుతుంది. నిమిషానికి 1000 చుట్లు తిరిగేదానికీ 1400 తిరిగేదానికీ వేగంలో తేడా నలభై శాతమే అయినా, అదే సైజు డ్రమ్ములో పిండే బలం దాదాపు రెట్టింపు. అయిదు కిలోల కాటన్ బట్టల్లో 1000 దగ్గర సుమారు మూడు లీటర్ల నీళ్లు మిగిలితే, 1400 దగ్గర రెండున్నర లీటర్లకి వస్తుంది. అర లీటరే కదా అనుకోకండి. లీటరు నీళ్లు ఆవిరి చెయ్యడానికి 0.6 యూనిట్లకి పైగా వేడి కావాలి. హీటరుతో నడిచే డ్రయ్యరులో ఆ వేడంతా కరెంటు బిల్లులోకే వస్తుంది. తీగ మీద ఆరేసేవాళ్లకి తేడా కరెంటులో కాదు, గదిలో చేరే తేమలో కనిపిస్తుంది. 1400 దాటాక అదనంగా కలిసొచ్చేది కొద్దే, ముడతలు మాత్రం ఎక్కువ.

ఫ్రంట్ లోడా, టాప్ లోడా అన్న తగాదాలో నేను ఫ్రంట్ లోడు వైపే. కారణం సులువు. ఫ్రంట్ లోడులో డ్రమ్ము పక్కవాటంగా తిరుగుతుంది కాబట్టి అడుగున కాసిని నీళ్లుంటే చాలు. బట్టని పైకి ఎత్తి కింద పడేస్తుంది, ఎత్తి పడేస్తుంది. బండకేసి బాదినట్టు. టాప్ లోడులో బట్టలు తేలడానికే బోలెడు నీళ్లు కావాలి. చేత్తో తొట్టిలో కలియబెట్టినట్టు తిప్పుతుంది, బట్టలు ఒకదానికొకటి మెలికపడతాయి. కానీ మోకాళ్లు, నడుము సహకరించనివాళ్లు వంగి బట్టలు తియ్యడం ఎంత కష్టమో మా అత్తగారిని చూశాక తెలిసింది. వాళ్లకి టాప్ లోడే నయం. లేదంటే ఫ్రంట్ లోడు కింద ఎత్తుపీట పెట్టించాలి.

ఫ్రంట్ లోడు మీద అందరి ఫిర్యాదూ టైము. మా ఆవిడకైతే మొదటిసారి ఎకో ప్రోగ్రాము మూడు గంటల పైన చూపించేసరికి టెన్షన్ వచ్చేసింది, ఇది కూడా పాడైందేమోనని. పాడవలేదు. హెర్బర్ట్ సిన్నర్ అని జర్మనీలో ఒక కెమిస్టు 1959లో చెప్పిన లెక్క ఇది. మురికి వదలాలంటే నాలుగు కావాలి: సబ్బు, వేడి, రుద్దుడు, సమయం. ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి పెంచాలి. ఎకో ప్రోగ్రాము వేడి తగ్గించి సమయం పెంచుతుంది. పదిహేను లీటర్ల నీళ్లని 15 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 0.8 యూనిట్లు ఖర్చయితే, 30కి తేవడానికి అందులో మూడో వంతు. డ్రమ్ము తిప్పడానికి అయ్యే కరెంటు వీటి ముందు చిన్నది. అందుకే మూడు గంటలు తిరిగినా బిల్లు తక్కువే. పదిహేను నిమిషాల ప్రోగ్రాము ఒకపూట తొడిగి విప్పిన చొక్కాలకి పనికొస్తుంది, మురికికి కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పాత మెషీన్ బేరింగు ఊరికే పోలేదు. బేరింగుకి నీళ్లు తగలకుండా రబ్బరు సీలు ఉంటుంది. సీలు పాడైతే నీళ్లు లోపలికి చేరి, గ్రీజు కొట్టుకుపోయి, తుప్పు పడుతుంది. నేను బట్టల్ని కాలితో తోసి డ్రమ్ము నింపేవాణ్ణి. సబ్బు ఎక్కువేస్తే బాగా వదులుతుందనుకుని మూతకి మూత పోసేవాణ్ణి. నిజానికి నురగ ఎక్కువైతే బట్ట దబ్బున పడాల్సింది మెత్తగా పడుతుంది, ఉతుకు తగ్గుతుంది. పైగా మిగిలిన సబ్బు జిడ్డు తొట్టి వెనక పేరుకుంటుంది. ఎప్పుడూ చల్లటి నీళ్లతోనే ఉతికితే ఆ జిడ్డుకి వాసన కూడా తోడవుతుంది. ఇప్పుడు నెలకోసారి ఖాళీ డ్రమ్ముని 60 డిగ్రీల పైన తిప్పుతున్నాను, ఉతికాక తలుపు ఓరగా తీసి ఉంచుతున్నాను, బట్టల పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ వదులుతున్నాను. అతికేసిన తొట్టిని ఎంత తిట్టినా, సీలు అరగడంలో నా వాటా నాకుంది.

యాప్ గురించి రెండు ముక్కలు. ఫోన్లోంచి మెషీన్ స్టార్ట్ చెయ్యొచ్చు, నిజమే. కానీ బట్టలు వెయ్యడానికి మనం దాని దగ్గరికే వెళ్లాలి, వెళ్లినవాళ్లం మీట కూడా నొక్కి రావచ్చు. చప్పుడు అంకె మాత్రం చూడండి, అదీ స్పిన్‌లో ఎంతో చూడండి. పది డెసిబెల్స్ తేడా అంటే చెవికి దాదాపు రెట్టింపు మోత. స్థలం కొలిచేటప్పుడు వెనక పైపులకి కొంత జాగా వదలండి. కింద పంపు ఫిల్టరు మూత తెరవడానికి వీలుందో లేదో కూడా చూసుకోండి. మా ఫిల్టర్లో ఒకసారి రెండు గుండీలు, ఒక హెయిర్ క్లిప్, పూర్తిగా ముద్దయిపోయిన రసీదు దొరికాయి.

చివరికి ఎనిమిది కిలోలది, 1400 చుట్ల ఫ్రంట్ లోడు కొన్నాను. తొట్టి స్క్రూలతో బిగించిందేనని బొమ్మలో చూసి, బేరింగూ సీలూ విడిగా దొరుకుతున్నాయని నిర్ధారించుకున్నాక. పక్కనే తళతళలాడే మోడల్ ఒకటి ఉంది, ఉతకడం అయిపోగానే పాట పాడుతుందట. "మనది పాడదా?" అని మా ఆవిడ అడిగింది. పాడదు, పీప్ అంటుంది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు వెనక నుంచి నాలుగు పొడవాటి బోల్టులు విప్పాడు. రవాణాలో డ్రమ్ము ఊగకుండా పట్టి ఉంచేవి అవి. వాటితోనే ఆన్ చేస్తే మెషీన్ గదంతా నడుస్తుంది. విప్పినవాటిని అట్టపెట్టెలోకి విసరబోతే ఆపాను. ఎన్ని ఇళ్లు మారామో, ఇంకెన్ని మారతామో, మనలాంటి వాళ్లకి తెలియంది కాదు. నాలుగింటినీ ఒక కవరులో వేసి, మోడల్ నంబరు రాసి, మెషీన్ పక్కకే టేపుతో అంటించాను.