మావయ్య, ఆవు, ఆరు కేసరాలు

పర్లాకిమిడిలో నాలుగు చినుకులు పడితే చాలు, మా మావయ్య ఫోన్ పట్టుకుని పెరట్లోకి దిగుతారు. మొక్కల్ని గుర్తుపట్టే యాప్ వేసుకున్నప్పటి నుంచి గడ్డిపరక్కి కూడా మనశ్శాంతి లేదు.

మొన్న గోడవారన గులాబీరంగు పూలు విరిశాయి. ఫోటో కొడితే 'కేప్ ట్యూలిప్' అని వచ్చింది. ఇక చూడండి! దక్షిణాఫ్రికా మొక్కట, ఐరిస్ కుటుంబమట. అందంగా ఉందని ఆస్ట్రేలియా తీసుకెళ్తే పొలాల్లో కలుపై కూర్చుందట. పచ్చిదైనా ఎండుదైనా పశువులు తింటే విషం గుండెకే ఎక్కుతుందట. అది గజపతి జిల్లాకి ఎలా వచ్చిందని అడిగాను.

"రావాలనుకుంటే రాదేంట్రా?" అన్నారు. దీనికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి ఆవు గోడ మీంచి మెడ చాచి నాలుగు పూలు నమిలేసింది.

ఇలాంటి విషానికి పశువుల డాక్టర్లు యాక్టివేటెడ్ చార్‌కోల్ పట్టిస్తారని మావయ్య చదివారు. యాక్టివేట్ చేయడమెలాగో చదివే ఓపిక లేదు. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు అరువు తెచ్చి, దంచి, బకెట్ నీళ్లలో కలిపి ఆవు మూతి దగ్గర పెట్టారు. అది వాసన చూసి ఒక్కసారి తల విసిరింది. మందంతా మావయ్యకే పట్టింది, తెల్ల పంచెతో సహా.

"కొణొ హెలా?" అంటూ పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు. మావయ్య తన ఒడియాలో విషం, గుండె, ఆస్ట్రేలియా కలిపి చెప్పేసరికి, ఆయనకే గుండెనొప్పి అనుకుని ఆటో పిలిచాడు.

అత్తయ్యది పాతపట్నం, ఇంటర్లో బైపీసీ. తాపీగా ఒక పువ్వు తెంపి రేకులు విప్పింది.

"ఏవండీ, ఐరిస్ కుటుంబానికి కేసరాలు మూడే. వీటికి ఆరున్నాయి. పోయినేడు మా అక్క ఇచ్చిన రెయిన్ లిల్లీ ఇది. మీరే నాటారు."

మావయ్య వెంటనే ఫోన్ తీశారు. "దీని గడ్డలో కూడా విషం ఉందిట!" అన్నారు, గెలిచినట్టు. ఆ మాట నిజమే. కానీ గడ్డ నేలలోనే ఉంది, ఆవు హాయిగా నెమరేస్తోంది, ఆటోవాడు వెయిటింగ్ చార్జీ అడుగుతున్నాడు.

ఇంతలో ఇస్త్రీ అబ్బాయి బొగ్గుల డబ్బులకి వచ్చాడు. అత్తయ్య డబ్బులిచ్చి, పంచె కేసి చూపించింది. "బాబూ, ఇది ఉతుకుతావా?"

అతను మావయ్యని పైనుంచి కిందిదాకా చూసి, "ఇస్త్రీ వరకేనమ్మా మా పని" అన్నాడు.